వ్యాఖ్యల్లోనూ విశ్వాసం కనబడాలి

సంపాదకులకు నమస్కారం.

బాప్తిస్మం ముంచి ఇవ్వాలా చిలకరించి ఇవ్వాలా, ఆరాధన శనివారమా ఆదివారమా అన్న వాదాలు తెలుగు క్రైస్తవులకు కొత్తవి కావు. ఇప్పుడవి యూట్యూబ్‌కెక్కాయి. ఒక బోధకుడి ప్రసంగంలోంచి అర నిమిషం ముక్క కత్తిరించి, 'అబద్ధ బోధకుడు' అని శీర్షిక తగిలిస్తే, దాని కింద 'ప్రైజ్ ద లార్డ్' అని మొదలుపెట్టి ఆయన భార్యాపిల్లలను సైతం తిట్టిపోసేవారిని చూసి ఒక విశ్వాసిగా ఎంతో బాధపడుతున్నాను. దేవుణ్ణి స్తుతించే నోటితోనే మనుషులను శపించడం తగదని బైబిల్లోని యాకోబు పత్రిక (లేఖ) మూడో అధ్యాయం హెచ్చరిస్తోంది. తప్పు చేసిన సహోదరుడితో ముందు ఏకాంతంగా మాట్లాడమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువే చెప్పారు. వ్యాఖ్య రాసే ఆ ఫోన్‌తోనే ఆ బోధకుడితో మాట్లాడటానికి అడ్డేమిటి?

భేదాభిప్రాయాలను దాచిపెట్టమని నేను అనడం లేదు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య తదితరులు 1919లో నేటి తమిళనాడులోని తరంగంబాడిలో సంఘాల ఐక్యత కోసం ఆరంభించిన సంప్రదింపులు 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడేదాకా సాగాయి. బిషప్పుల వ్యవస్థ వంటి చిక్కు విషయాలపై వారు ఏళ్ల తరబడి వాదించుకున్నారు, కానీ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు.

సంఘ పెద్దలు తమ సంఘం పేరిట నడిచే ఛానళ్లకు, వాట్సాప్ ప్రార్థన గ్రూపులకు బాధ్యత వహించి, దూషణలను, నిర్ధారణ కాని వార్తలను, ముఖ్యంగా ఇతర మతస్థులను కించపరిచే సందేశాలను వెంటనే తొలగించి, వాటిని పెట్టినవారితో స్వయంగా మాట్లాడాలని కోరుతున్నాను.

– ఒక సంఘ సభ్యుడు, ఖమ్మం