కలెక్టర్ గారూ, మా అర్జీ ఎక్కడ పరిష్కారమైంది?

ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మాది దర్శి వైపు పల్లె. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందేమో పరీక్ష చేయించమని ఒంగోలులో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను. బస్సు ఛార్జీలు, ఒకరోజు కూలీ పోయాయి. పదిరోజులకు ఫోన్‌కు మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది! ఊళ్లోకి ఎవరూ రాలేదు, సీసాడు నీళ్లయినా పట్టుకెళ్లలేదు.

అమ్మ పళ్లు గోధుమరంగు తిరిగాయి. మోకాళ్లు వంగక, గోడ పట్టుకుని మంచం దిగుతుంది. మెసేజ్ చదివి వినిపిస్తే నవ్వింది లెండి.

2005 సమాచార హక్కు చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ దరఖాస్తూ పెట్టాను. ఇవాళ్టికి 45 రోజులు. మా అర్జీని 'పరిష్కరించిన' ఉద్యోగి పేరు, ఆయన మా ఊరొచ్చిన తేదీ చెప్పించండి.