రిక్రూటింగ్ ర్యాంకు చూసి మురిసిపోతున్న మా అబ్బాయికి

కన్నా,

నువ్వు పంపిన, మీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీము రిక్రూటింగ్ ర్యాంకులు (హైస్కూల్ నుంచి ఏ కాలేజీ ఎంత మంచి ఆటగాళ్లని చేర్చుకుందన్న లెక్క) చూశాను. సంబరపడు, కాదనను. కానీ "ఇంతమంది ఫైవ్ స్టార్ (స్కౌట్లు అందరికన్నా పై రేటింగ్ ఇచ్చిన) పిల్లల్ని తెచ్చిన కోచ్‌ని ఎవరూ వేలెత్తి చూపకూడదు" అన్నావే, అక్కడే నాకు నీతో పేచీ. మీ టెక్సాస్ ఏ అండ్ ఎం వాళ్లే ఆ మాటనుకుని ఒకసారి నిండా మునిగారు. అప్పుడు నువ్వు హైస్కూల్లో ఉన్నావు, నీకివేవీ పట్టేవి కావు.

2017 చివర్లో కోచ్ జింబో ఫిషర్‌కి పదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2020లో 9-1తో (తొమ్మిది గెలిచి, ఒకటి ఓడి) దేశంలో నాలుగో స్థానం వచ్చేసరికి కాంట్రాక్టు 2031 దాకా పొడిగించారు. 2022లో ఆయన సంతకాలు పెట్టించిన కొత్త పిల్లల బృందం రిక్రూటింగ్‌లో నంబర్ వన్. ఈ ర్యాంకులిచ్చే 247స్పోర్ట్స్ వెబ్‌సైట్ లెక్కలో అప్పటిదాకా అంత గొప్ప బృందమే లేదు. డబ్బుతో కొన్నారని అలబామా కోచ్ నిక్ సేబన్ బాహాటంగానే అన్నాడు.

ఆ సెప్టెంబర్లోనే చిన్న టీమైన అపలాచియన్ స్టేట్‌ని 15 లక్షల డాలర్లిచ్చి మరీ మన స్టేడియం కైల్ ఫీల్డ్‌కి పిలిపించుకున్నారు. వాళ్లొచ్చి 17-14తో కొట్టి వెళ్లారు. స్టూడెంట్లు నిలబడి గొంతు చించుకుంటే ఏం లాభం, బంతి మనవాళ్ల చేతికొస్తేగా! అరవై నిమిషాల ఆటలో 41 నిమిషాలు వాళ్ల దగ్గరే ఉంది. బంతితో మనం ముందుకెళ్లడానికి చేసిన ప్రయత్నాలు (ప్లేలు) 38. ఆ సీజన్ 5-7తో ముగిసింది.

పద్దెనిమిదేళ్ల పిల్లలు వచ్చిన ఏడాదే గెలిపించాలంటే అన్యాయమే, ఒప్పుకుంటాను. మూడో ఏట చూడాలి. కానీ మూడో ఏటికి ఉన్నదెవరు? వాల్టర్ నోలెన్ ఓల్ మిస్‌కి, ఎవాన్ స్టువర్ట్ ఓరెగాన్‌కి వెళ్లిపోయారు. ఇంకా చాలామంది ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు కాలేజీ మారే పద్ధతి) దారి పట్టారు.

ఇంతకీ ఆ స్టార్లు ఉత్తుత్తివా అంటే, కాదు. ప్రొఫెషనల్ టీములు కాలేజీ ఆటగాళ్లని వరసగా ఎంచుకునే 2025 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో నోలెన్ 16వ పిక్, ఇక్కడే ఉండిపోయిన షెమార్ స్టువర్ట్ 17వ పిక్. ఆ షెమార్ ఇక్కడ మూడేళ్లలో చేసిన శాక్‌లు (బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడాలు) నాలుగున్నర! పిల్లల్లో పస ఉందని స్కౌట్లు సరిగ్గానే పట్టారు. దాన్ని శనివారం నాడు మైదానంలోకి తేవాల్సిన బాధ్యత ఎవరిది? మన కార్పొరేట్ కాలేజీలు టెన్త్‌లో బాగా మార్కులొచ్చినవాళ్లని ఏరుకుని చేర్చుకుంటాయి, అయినా అక్కడ చివరికి హోర్డింగు మీద వేసుకోవడానికి ర్యాంకైనా వస్తుంది. అందుకే ఆ నంబర్ వన్ బృందం ఫిషర్‌ని కాపాడదు, ఇంకా ఇరికిస్తుందంటాను. సరుకు లేదని చెప్పుకునే వీలు కూడా లేకుండా పోయింది.

అలాగని రిక్రూటింగ్‌ని తీసిపారేయకు. 2023 జనవరి ఫైనల్లో, ఏటా స్టార్లని ఏరుకొచ్చే జార్జియా 65-7తో టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ)ని ఏం చేసిందో గుర్తుందిగా.

2023 నవంబర్లో ఫిషర్ మిసిసిపి స్టేట్‌ని 51-10తో గెలిచాడు, మర్నాడే ఉద్యోగం పోయింది. పంపించడానికి సుమారు 7.6 కోట్ల డాలర్లు! పని మానేయడానికి అంత ఇస్తారని మీ నాన్న ఇప్పటికీ నమ్మరు.

ఫిషర్ తర్వాత కోచ్‌గా వచ్చిన మైక్ ఎల్కో మీద నాకు గురి కుదిరింది నీ ర్యాంకుల వల్ల కాదు. అంతకుముందు ఏడు 3-9తో ఉన్న డ్యూక్‌ని 2022లో, అక్కడున్న పిల్లలతోనే, 9-4కి తెచ్చినందుకు.

టెక్సాస్‌తో ఆటకి టికెట్లు దొరికితే నాకొకటి చూడు. మీ నాన్నకొద్దు, అక్కడ కూర్చుని ఫోన్లో క్రికెట్ స్కోరు చూస్తుంటారు.

అమ్మ