పైరువేట్ మింగేసిన పెరాక్సైడ్

ఒరేయ్ శీనూ,

హెప్‌జీ2 కణాలకు (కాలేయ క్యాన్సర్ కణాలు) ఆక్సీకరణ ఒత్తిడి పెట్టాలని 200 మైక్రోమోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసినా, ఆ ఒత్తిడికి పెరగాల్సిన రక్షణ ఎంజైమ్ ఎన్‌క్యూఓ1 కదల్లేదని తెగ బెంగపడ్డావు. ముందు మీడియం (కణాలను పెంచే ద్రవం) సీసా తిప్పి లేబుల్ చదువు. సోడియం పైరువేట్ ఉందా? ఉంటే సాధారణంగా 1 మిల్లీమోలార్ ఉంటుంది. ఒక్కో పైరువేట్ అణువు ఒక్కో పెరాక్సైడ్ అణువును మింగి ఎసిటేట్ అవుతుంది. లెక్క నువ్వే వేసుకో! పైరువేట్ లేని మీడియం వాడు. నన్నడిగితే పెరాక్సైడ్ కన్నా 5 మైక్రోమోలార్ సల్ఫోరాఫేన్ (బ్రోకలీలో దొరికే పదార్థం) నయం. అది నేరుగా కీప్1 అనే ప్రోటీన్‌లోని 151వ సిస్టీన్ అమైనో ఆమ్లానికే తగులుకుంటుంది.

మామూలప్పుడు కీప్1, రక్షణ జన్యువులను నడిపే ఎన్‌ఆర్‌ఎఫ్2 ప్రోటీన్‌ను పట్టి, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌కు అప్పజెబుతూనే ఉంటుంది. పాపం, దాని అర్ధాయువు ఇరవై నిమిషాల లెక్కలోనే. ఆ సిస్టీన్ చెదిరిందా, ఎన్‌ఆర్‌ఎఫ్2 పోగుపడి, కేంద్రకంలోకి పోయి ఎన్‌క్యూఓ1, జీసీఎల్‌సీ అనే రక్షణ జన్యువులను లేపుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 ప్రోటీన్‌ని 2–4 గంటలకు, ఎన్‌క్యూఓ1 ఎంఆర్‌ఎన్‌ఏని 6–24 గంటలకు, దాని ఎంజైమ్ పనితనాన్ని 48 గంటలకు చూడు. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను సైజును బట్టి విడదీసి చూసే పరీక్ష) ఒక మోసం ఉంది: లెక్కకు 66 కిలోడాల్టన్లే అయినా ఎన్‌ఆర్‌ఎఫ్2 బ్యాండ్ 95–110 మధ్య పడుతుంది. 66 దగ్గర గీత కనబడగానే సంబరపడిపోకు.

ఇక సీవైపీ3ఏ4, మందులను విరగ్గొట్టే కాలేయ ఎంజైమ్. ఒత్తిడి పెడితే అన్నీ పెరగాలనుకున్నావు, అక్కడే పొరపాటు. ఐఎల్-6 (వాపు సంకేతాన్నిచ్చే ప్రోటీన్) మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు వేసి 48 గంటలు ఉంచు, అది పడిపోతుంది. దాని తోటి ఎంజైమ్ సీవైపీ1ఏ2 కూడా జ్వరాల్లో ఇలాగే తగ్గుతుంది; థియోఫిలిన్ అనే ఆస్తమా మందును విరగ్గొట్టేది అదే. 1980లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఇన్‌ఫ్లుయెంజా బి చెలరేగినప్పుడు, అంతదాకా సరిపోయిన థియోఫిలిన్ మోతాదే కొందరు ఆస్తమా పిల్లలకు విషమైంది. మందు పెంచలేదు, కాలేయమే దాన్ని కరిగించడం తగ్గించింది.

ఇది హెప్‌జీ2లో చూడకు. సీవైపీ3ఏ4 వాటిలో ఉండీ లేనట్టే. లేనిది తగ్గిందని ఎలా చూపిస్తావ్? హెపాఆర్‌జీ అనే మరో రకం కాలేయ కణాలు తీసుకో. రెండు వారాలు పెంచి, మరో రెండు వారాలు 2 శాతం డీఎంఎస్‌ఓ (ఒక ద్రావణి) ఉన్న మీడియంలో ఉంచాలి. ఓపిక కావాలి. డీఎంఎస్‌ఓ తానే సీవైపీ3ఏ4ను లేపుతుంది, కాబట్టి ప్లేటులోని అన్ని వెల్స్‌లోనూ (గుంటల్లోనూ) ఒకే శాతం ఉండాలి. పక్కన, సీవైపీ3ఏ4ను పెంచే మందు రిఫాంపిసిన్ 10 మైక్రోమోలార్ వేసిన వెల్ పెట్టు. అందులో పెరగకపోతే ఆ ప్లేటు పారెయ్.

తక్కువ ఆక్సిజన్ ప్రయోగం కూడా చేస్తానన్నావుగా, అందులో జీఏపీడీహెచ్ జన్యువును, మిగతావాటిని పోల్చే కొలబద్దగా పెట్టుకోకు. ఆక్సిజన్ తగ్గితే లేచే హిఫ్-1 ప్రోటీన్ దాన్నే పెంచేస్తుంది. దాని బదులు టీబీపీ జన్యువుకు ప్రైమర్లు ఇప్పుడే ఆర్డర్ పెట్టు.

నీ
కిట్టిగాడు