రాత పరీక్షకు బట్టీ పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

ఆంగ్ల భాషా సామర్థ్య పరీక్ష అయిన ఐఈఎల్‌టీఎస్ రాసేవారిలో చాలామంది నమూనా వ్యాసాలను కంఠస్థం చేయడమే సాధన అనుకోవడం బాధ కలిగిస్తోంది. రాత విభాగంలో 60 నిమిషాల్లో రెండు అంశాలు రాయాలి. మొదటిదానికి కనీసం 150 పదాలు, రెట్టింపు విలువ ఉన్న రెండోదానికి కనీసం 250 పదాలు ఉండాలి. ప్రశ్నకు సూటిగా జవాబిచ్చారా, ఆలోచనల్లో పొందిక ఉందా, పదసంపద, వ్యాకరణం ఎలా ఉన్నాయి అని చూసి దిద్దుతారు కాబట్టి, బట్టీపట్టిన పేరా ఎంత అందంగా ఉన్నా అడిగిన దానికి అతకకపోతే స్కోరు తగ్గుతుంది. నగరాల్లో కార్లను నిషేధించాలన్న వాదనతో ఎంతవరకు ఏకీభవిస్తారని అడిగితే, కాలుష్యం గురించి కంఠతా వచ్చినదంతా దించేసి, తమ అభిప్రాయం ఒక్క వాక్యంలోనైనా చెప్పకుండా ముగించే అభ్యర్థులను తరచూ చూస్తున్నాను.

గడియారం ఎదురుగా పెట్టుకుని రాయడం ఎంత అవసరమో, రాసినదాన్ని మర్నాడు తీరిగ్గా చదివి, క్రియల కాలాలను, ఆర్టికల్స్‌ను (a, an, the; తెలుగులో ఇవి లేవు కనుక మనకు తరచూ జారిపోతాయి) సరిచూసుకుని అదే వ్యాసాన్ని తిరగరాయడం అంతకంటే అవసరం. శిక్షకులు నమూనా ప్రతులు పంచే బదులు, ప్రతి అభ్యర్థి వ్యాసాన్నీ దిద్ది, తప్పు ఎందుకు తప్పో వివరించాలని కోరుతున్నాను.

– ఒక ఆంగ్ల అధ్యాపకురాలు