తాతల పండగ సరే, వాళ్ల రిజిస్టర్లేవి?

సంపాదకుడు గారికి,

కిందటి వారం మీ జిల్లా పేజీలో తాతల నాటి వైభవమంటూ జరిపిన పండగకు సగం పేజీ కేటాయించారు. మండువా లోగిలి, అద్దెకు తెచ్చిన ఎడ్లబండి, తలపాగా చుట్టుకున్న అధికారి గారు, ఆయన చేతిలో పూతరేకుల పళ్లెం. అంతా బాగుంది. ఆ తాతలెవరో, వాళ్ల పేర్లేమిటో మాత్రం ఒక్క ముక్క లేదు. మీ విలేకరిని అనడం లేదు లెండి. ఆయన అడిగినా ఆ వేదిక మీద చెప్పగలిగేవాళ్లు ఉన్నట్టు లేదు.

అసలు మండువా లోగిళ్లు ఊరికి ఎన్నుండేవి? మిగతా ఊరంతా తాటాకు ఇళ్లే. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొరకు ఏటా దండలు వేస్తున్నాం, వేయాల్సిందే. కాలవలు తవ్వినవాళ్లు, తట్టలు మోసిన ఆడవాళ్లు కూడా ఎవరికో ముత్తాతలూ, తాతమ్మలే కదా! పాలేరుకు ఏడాదికి ఎంత ధాన్యం, ఎన్ని బట్టలు అన్న ఒప్పందం ఆసామి పద్దు పుస్తకంలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఆ మనిషి ఆనవాలే లేదు. ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ల పేర్లు కాస్తో కూస్తో కనిపించేది పెళ్లి చదివింపుల పుస్తకాల్లో. ఎవరు రూపాయి చదివించారు, ఎవరు రవికల గుడ్డ పెట్టారు, పోయిన పెళ్లికి వచ్చి ఈ పెళ్లికి ఎవరు రాలేదు, ఏ ఊళ్లతో వియ్యాలు నడిచాయి, అన్నీ అందులోనే. ఇనప తీగకు గుచ్చిన పాత ఉత్తరాలూ అంతే. మన వైపు నుంచి కూలికీ, వ్యాపారానికీ రంగూన్ వెళ్లినవాళ్లు తక్కువేం కాదు. 1942లో బర్మా నుంచి అడవులూ కొండలూ పడి నడిచి వచ్చినవాళ్ల కథలు ఇళ్లలో చెప్పుకుంటారు. రానివాళ్ల పేర్లు ఉన్నది ఆ ఉత్తరాల మీదే. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టేటప్పుడు అవన్నీ కిలోల లెక్కన పాత కాగితాలవాడికి పోతున్నాయి.

సరే, ఇళ్లలోవి ఎవరి ఇష్టం వాళ్లది. సర్కారు కాగితాల మాటేమిటి? 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి, ఊరి లెక్కలు చేతులు మారాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, మళ్లీ మారాయి. 2022లో జిల్లాలు విడిపోయాయి, మరోసారి మూటలు కట్టారు. ఏ మూట ఎక్కడ దిగిందో అడిగితే చెప్పే నాథుడు లేడు. మా తాతగారి జనన నమోదు కోసం నేను తిరగని గుమ్మం లేదు. ఒక చోట "సిస్టంలో లేదండి మాస్టారూ" అన్నారు. సిస్టంలో లేకపోతే మా తాతగారు పుట్టనట్టే, నేనూ లేనట్టే. ఇంకో చోట ఎనభై ఆరు వరదలో పోయిందన్నారు. మా ఊరు మెరక మీద ఉందయ్యా, ఆ ఆఫీసు మెట్టు కూడా తడవలేదంటే, అయితే తొంభై ఆరు తుపానులో పోయుంటుందట! చెదలు కూడా ఈ ఆఫీసుల వాళ్ల కన్నా నయం, పేజీలన్నీ వరసగా చూస్తాయి.

బడి అడ్మిషన్ రిజిస్టర్లు మరీ ముఖ్యం. చదువుకున్న ప్రతి బీదవాడి కొడుకు పేరు, తండ్రి పేరు, కులం, తండ్రి వృత్తి, బడి మానేసిన తేదీ అందులో ఉంటాయి. పుట్టిన తేదీలు మాత్రం నమ్మకండి. అప్పటి మాస్టార్ల పుణ్యమా అని మా ఊళ్లో సగం మంది జూలై 1నే పుట్టారు. ఆ రిజిస్టర్లను మధ్యాహ్న భోజనం గిన్నెల పక్కన పడేసిన బడిని నా కళ్లతో చూశాను. భూమి రికార్డులకైతే స్కానింగులూ, సర్వేలూ. సెంటు భూమికి ఉన్న విలువ మనిషి పేరుకు లేదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకు రంగులూ, లైట్లూ, నాయకుల ఫ్లెక్సీలూ ఎటూ తప్పవు. పిండం పెట్టేటప్పుడు పురోహితుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు అడుగుతాడు. 2015లో మా రేవులో మూడో పేరు దగ్గర ఎంతమంది నీళ్లలో నిలబడే ఇంటికి ఫోన్లు చేశారో! తాతమ్మ పేరు అడిగితే ఇక ఫోన్లో అవతలివాళ్లకూ తెలియదు.

రాజులూ, శాసనాలూ వెతకడానికి 1922లోనే రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టుకున్న ప్రాంతం మనది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఏ ఊరి పాత రిజిస్టర్లు ఏ ఆఫీసులో ఉన్నాయో మండలానికొక జాబితా రాసి గోడకు అంటించమనండి. ఆ కాగితాలను తడి తగలని గదిలో పెట్టి, ఫొటోలు తీసి, గ్రంథాలయంలో చూడనివ్వమనండి. ఫీజు పెట్టుకుంటే పెట్టుకోమనండి, కడతాం. దీనికి ఎడ్లబండి అద్దెంత ఖర్చు కూడా అవుతుందనుకోను.

లేఖ పెద్దదైంది, మీరు కత్తిరిస్తారని తెలుసు. పూతరేకుల మాట తీసేయండి, పర్వాలేదు. రిజిస్టర్ల జాబితా మాట మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కోనసీమ