"దేవునికే మహిమ" అని ఎప్పుడు అంటున్నాం?

ప్రియమైన తల్లిదండ్రులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

వార్తాలేఖ చేతికి రాగానే మీలో చాలామంది ముందు చూసేది ఫలితాల పేజీ అని నాకు తెలుసు. ఈసారి కూడా ఫలితాలు ఉన్నాయి, ఫోటోలు మాత్రం లేవు. ఫస్ట్, సెకండ్ ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలు వరసగా వేసి, పైన పెద్ద అక్షరాలతో "దేవునికే మహిమ" అని అచ్చు వేసే పద్ధతిని ఈ ఏడాది నుంచి ఆపేస్తున్నాం. విషయం ముందే తెలిసి కొందరు ఫోన్ చేశారు. "పిల్లలు కష్టపడ్డారు కదా మేడం, నలుగురికీ తెలిస్తే తప్పేముంది?" అని ఒకరు అడిగారు. "మరి దేవుడికి మహిమ రావద్దా?" అని ఇంకొకరు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేవి కావు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ పేజీని నోటీసు బోర్డు మీద కూడా అంటించేవాళ్లం. ఓ రోజు ఇంటర్వెల్‌లో ఆరో తరగతి పాప ఒకతి దాని ముందు నిలబడి ఉంది. శీర్షికను వేలితో చూపిస్తూ పక్కనున్న స్నేహితురాలిని అడిగింది: "నాకు లెక్కల్లో ముప్పై ఎనిమిది వచ్చాయిగా, అయితే నేనేమని చెప్పాలి?" వెటకారం కాదు, నిజంగానే అడిగింది. రెండో పాప కాసేపు ఆలోచించి, "నువ్వు సారీ చెప్పాలి" అంది. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

మనం నేర్పిన లెక్క ప్రకారం ఆ పిల్ల చెప్పిన జవాబు సరైనదే. మార్కులు వస్తే మహిమ, రాకపోతే క్షమాపణ. ఇళ్లలోనూ సాక్ష్యాల్లోనూ జరుగుతున్నది ఇదే. సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, దేవునికే మహిమ. రానప్పుడు ఆ మాట నోటికి రాదు. అంటే మనం మహిమపరుస్తున్నది దేవుణ్నా, వచ్చిన ఫలితాన్నా? హబక్కూకు ప్రవక్త అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా, సాలలో పశువులు లేకపోయినా "నేను యెహోవాయందు ఆనందించెదను" అన్నాడు. ఆ కాలంలో అతని దగ్గర ప్రోగ్రెస్ రిపోర్టు ఉండి ఉంటే అన్నీ సున్నాలే.

మహిమ దేవునికి మాత్రమే అన్నప్పుడు ఆ "మాత్రమే" దగ్గరే అసలు ఇబ్బంది. దేవునికి కొంత, మనకు కొంత అయితే ఎవరికీ పేచీ ఉండదు. అపొస్తలుల కార్యాల్లో రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చదవండి. పన్నెండో అధ్యాయంలో హేరోదు రాజవస్త్రాలు వేసుకుని సింహాసనం మీద కూర్చుని ఉపన్యాసం ఇస్తాడు. జనం "ఇది దైవస్వరమే కాని మానవస్వరము కాదు" అని కేకలు వేస్తారు. ఆ మాట హేరోదు అనలేదు, అనమని అడిగినట్టు కూడా లేదు. విని ఊరుకున్నాడు, అంతే. దేవుణ్ని మహిమపరచనందున అతనికి తీర్పు వచ్చిందని లేఖనం చెబుతోంది.

రెండు అధ్యాయాలు దాటితే లుస్త్ర అనే ఊరు. పుట్టు కుంటివాడు లేచి నడిచాడు. జనం పౌలును, బర్నబాను దేవతలనుకున్నారు. పూజారి ఎడ్లను, పూలదండలను తీసుకుని వచ్చేశాడు. వీళ్లిద్దరూ బట్టలు చింపుకుని, "మేము కూడా మీలాంటి మనుషులమే" అని కేకలు వేస్తూ గుంపులోకి పరుగెత్తారు. సాధారణంగా ప్రసంగాలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ ఆ అధ్యాయంలో ఇంకొంచెం ముందుకు వెళ్లండి. అంతియొకయ నుంచి, ఈకొనియ నుంచి కొందరు వచ్చి జనాన్ని తమవైపు తిప్పుకుంటారు. ఆ ఊళ్లోనే పౌలును రాళ్లతో కొట్టి, చచ్చిపోయాడనుకుని బయటికి ఈడ్చేస్తారు. దండలు తెచ్చిన ఊరే రాళ్లూ చూసింది. పౌలు లేచి మళ్లీ ఆ ఊళ్లోకే వెళ్లాడు. దండ మెడలో పడనివ్వలేదు కాబట్టే రాయి అతని పనిని ఆపలేకపోయిందని నాకనిపిస్తుంది. తల్లిదండ్రులుగా మీరు ఒక్క క్షణం ఆగాల్సిన చోటు ఇదే. మెచ్చుకోలు మీదే బతకడం అలవాటైన పిల్లవాడు, మెచ్చుకోవడం ఆగిన రోజున ఏమవుతాడు? పరీక్షల ముందు టెన్షన్‌తో అన్నం మానేసే పిల్లల్లో తెలివి తక్కువ వాళ్లు నాకు పెద్దగా కనబడరు. ఎప్పుడూ ముందుండే పిల్లలే ఎక్కువ.

అయితే కష్టపడాల్సిన పని లేదా, పిల్లల్ని మెచ్చుకోనే కూడదా అంటారేమో. కాదు. పర్వతప్రసంగంలో ప్రభువు రెండు మాటలు చెప్పాడు. మనుష్యులు మీ సత్క్రియలను చూసి పరలోకమందున్న మీ తండ్రిని మహిమపరచేలా మీ వెలుగు ప్రకాశించనివ్వండి అన్నాడు. మనుష్యులకు కనబడాలని వారి యెదుట నీతికార్యాలు చేయకండి అని తర్వాతి అధ్యాయంలోనే హెచ్చరించాడు. పని కనబడవచ్చు, కనబడాలి కూడా. చూసినవాళ్ల కళ్లు చివరికి ఎక్కడ ఆగుతున్నాయన్నదే ప్రశ్న. కొలొస్సయులకు రాసిన పత్రికలో దాసులతో సైతం, మనుష్యుల కోసం కాదు, ప్రభువు కోసమని ఏ పనైనా మనస్ఫూర్తిగా చేయమన్నాడు పౌలు. టీచర్ దిద్దని పేజీని కూడా శుభ్రంగా రాసే పిల్లవాడికి ఈ వాక్యం ఎవరూ వివరించక్కర్లేదు.

మా సంగీతం టీచర్ అసెంబ్లీలో తరచుగా చెప్పే సంగీతకర్త బాఖ్ సంగతి మీకూ చెప్పాలి. 1723 నుంచి 1750లో చనిపోయేదాకా ఆయన జర్మనీలోని లైప్‌జిగ్‌లో సెయింట్ థామస్ పాఠశాల పిల్లలకు సంగీతం నేర్పుతూ, అక్కడి చర్చిలకు పాటలు కట్టాడు. మొదటి కొన్నేళ్లలో దాదాపు వారానికొక కొత్త ఆరాధన సంగీతం. చాలా రాతప్రతుల మొదట్లో "యేసూ, సహాయం చేయుము" అనే అర్థానికి రెండు అక్షరాలు, చివర "మహిమ దేవునికే" అనే అర్థానికి మూడు అక్షరాలు రాసుకునేవాడు. ఇంత రాసిన మనిషి 1730లో ఓ పాత స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, పై అధికారులతో పడలేకపోతున్నానని, ఊళ్లో గాలి ఆరోగ్యంగా ఉండి సమాధి కార్యక్రమాలు తగ్గడంతో తన రాబడి కూడా తగ్గిందని వాపోయాడు! నాకు ఈ ఉత్తరం చాలా ఇష్టం. మహిమ దేవునికి ఇచ్చినవాడు జీతం గురించి అడగకూడదని, అలసట చెప్పుకోకూడదని ఎక్కడా లేదు. ఆయన పోయాక ఆ చర్చి సంగీతంలో చాలా భాగాన్ని జనం మరిచిపోయారు. 1829లో మెండెల్సన్ అనే మరో సంగీతకర్త అందులో ఒక పెద్ద రచనను మళ్లీ వినిపించాకే లోకం అటు తిరిగింది. చివర్లో ఆ మూడు అక్షరాలు రాసేటప్పుడు బాఖ్‌కు ఇవేమీ తెలియవు.

ఇంకో సంగతి. "మీరు భోజనము చేసినను పానము చేసినను మీరేమి చేసినను సమస్తమును దేవుని మహిమకొరకు చేయుడి" అనే వాక్యం మన పిల్లలందరికీ కంఠస్థం. దాని ముందు, వెనక ఉన్న మాటలు మాత్రం పెద్దలకు కూడా గుర్తుండవు. అక్కడ పౌలు మాట్లాడుతున్నది విజయాల గురించి కాదు. నా భోజనం వల్ల పక్కవాడి మనస్సాక్షి దెబ్బతింటుంటే, నాకు హక్కు ఉన్నా మానుకుంటానంటున్నాడు. తన ప్రయోజనం కాదు, ఎదుటివాడి మేలు వెతకడం. దేవుని మహిమ అనే మాట బైబిల్లో అక్కడ, ఆ భోజనబల్ల దగ్గర ఉంది. పరీక్ష రాసి బయటికి వచ్చాక, ఏడుస్తున్న స్నేహితుడి ముందు "నాది చాలా బాగా అయింది" అనకుండా ఊరుకున్న పిల్లవాణ్ని ఈ టర్మ్‌లో చూశాను. ఆ ఊరుకోవడానికి మా దగ్గర మార్కులు లేవు.

ఇంట్లో ఏం చేయాలని అడుగుతారు కాబట్టి, నాకు తోచినది చెబుతాను. మార్కులు బాగా వస్తే పిల్లల్ని హాయిగా మెచ్చుకోండి. దేవుని మహిమ తగ్గిపోతుందేమోనని బిగుసుకుపోవద్దు. క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే, 1647లో పూర్తయిన వెస్ట్‌మిన్‌స్టర్ ప్రశ్నోత్తరాల్లో మొట్టమొదటి జవాబు, మనిషి ముఖ్యోద్దేశం దేవుణ్ని మహిమపరచడమనీ, ఆయనయందు నిత్యం ఆనందించడమనీ చెబుతుంది. ఆ రెండో సగాన్ని మనం ఇళ్లలో బొత్తిగా వదిలేస్తాం. నేర్పిన టీచర్‌కు థాంక్స్ చెప్పించండి. అది దేవుని దగ్గర నుంచి లాక్కున్నట్టు కాదు. "నీకు కలిగినవాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అని పౌలు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ థాంక్స్‌తోనే మొదలవుతుంది. మార్కులు తగ్గిన రోజున మాత్రం దయచేసి "దేవుడికి చెడ్డపేరు తెచ్చావు" అనకండి. ఆ మాట మా ఆఫీసు గదిలో కూడా వినబడింది. దేవుని పేరు పిల్లల మార్కుల మీద నిలబడి లేదు.

ఇక ఫోటోల సంగతి. ర్యాంకులు, మార్కులు ఎప్పటిలాగే ప్రోగ్రెస్ రిపోర్టులో వస్తాయి, ప్రైజులూ ఇస్తాం. వార్తాలేఖలో ఆ పేజీ బదులు పిల్లలు రాసిన కృతజ్ఞతలు వేస్తాం, ప్రతి సెక్షన్ నుంచీ కొన్ని. పాసైనవాళ్లవీ, తప్పినవాళ్లవీ, పేర్లు లేకుండా. ఈ వార్తాలేఖతో పాటు మీకు ఒక చిన్న కాగితం పంపుతున్నాం. ఈ టర్మ్‌లో మీ బిడ్డ విషయంలో మీరు దేవునికి దేని గురించి స్తోత్రం చెల్లిస్తున్నారో దాని మీద రెండు మూడు వాక్యాలు రాసి, పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. మార్కుల సంగతి మాత్రం అందులో రాయవద్దు. ఏమీ తోచకపోతే ఖాళీగానే తీసుకుని రండి, మీటింగ్ అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం.

ప్రభువునందు,
మీ ప్రధానోపాధ్యాయురాలు