భర్త సంతకం ఏ చట్టంలో ఉంది?

సంపాదకుల వారికి,

మా చెల్లెలికి ఇద్దరు పిల్లలు. వాళ్లాయన దుబాయ్‌లో పనిచేస్తాడు. సెలవుకు వచ్చి వెళ్లాక తనకు మళ్లీ నెల తప్పింది. వద్దనుకుంది. ఏడో వారంలో మా దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు వెళ్తే "భర్త సంతకం కావాలి, లేదంటే అత్తగారినైనా తీసుకురండి" అన్నారు. అక్కడా ఇక్కడా తిరిగేసరికి పదకొండో వారం వచ్చింది. మాత్రలతో తీరిపోయేది ఆపరేషన్ థియేటర్ దాకా పోయింది. ఆ నాలుగు వారాలూ ఇంట్లో ఎవరికీ తెలియకుండా తను పడ్డ టెన్షన్ నేను దగ్గరుండి చూశాను.

1971 నాటి గర్భస్రావ చట్టం మేజరైన స్త్రీ నుంచి అడిగేది ఆమె ఒక్కదాని అంగీకారమే. భర్తది కాదు, అత్తది అసలే కాదు. 2021 సవరణ తర్వాత ఆమె పేరు, వివరాలు బయటపెట్టడం శిక్ష పడే నేరం కూడా. మరి అత్తగారిని పిలవమనడం ఏమిటి?

1968లో టెహ్రాన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సదస్సులో ఎందరు పిల్లలు, ఎంత ఎడం అన్నది తల్లిదండ్రుల హక్కు అన్నారు. 1974లో బుకారెస్ట్‌ ప్రపంచ జనాభా సదస్సులో దాన్ని 'జంటలకూ వ్యక్తులకూ' అని రాశారు. ఆ 'వ్యక్తులకూ' అన్న ఒక్క మాటతో ఆడమనిషి విడిగా లెక్కలోకి వచ్చింది. 1994లో కైరో జనాభా సదస్సులో మన దేశంతో సహా 179 దేశాలు దీనికే ఒప్పుకున్నాయి.

మన ఊరికీ ఇందులో చోటుంది. 1983లో సరిత కేసులో మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని భార్యను కాపురానికి పంపే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టేశారు. తన ఒంట్లో బిడ్డకు చోటివ్వాలా వద్దా అన్నది ఆమె నిర్ణయమేనన్నారు. మరుసటి ఏడాది వేరే కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందంది. అయినా 2009లో అదే కోర్టు, పిల్లల్ని కనడం, కనకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కిందికి వచ్చే స్వేచ్ఛ అని చెప్పింది. 2022లో పెళ్లికాని స్త్రీలకూ పెళ్లయినవారితో సమానంగా గర్భస్రావ హక్కు ఉందంది.

అదే 2022లో ఇబ్రహీంపట్నం క్యాంపులో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. వాళ్లు పిల్లలు చాలనుకుని వచ్చినవాళ్లే. ప్రాణానికి భరోసా లేనిచోట హక్కు ఉందని ఎలా చెప్పగలం?

వైద్య ఆరోగ్య శాఖకు నా విన్నపం ఒక్కటే. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రతి నర్సింగ్ హోమ్‌లో, ఓపీ చీటీ రాసే కౌంటర్ దగ్గర తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు పెట్టించండి: "గర్భస్రావానికి భర్త సంతకం అవసరం లేదు." దాని కింద ఫిర్యాదు చేయడానికి ఒక ఫోన్ నంబర్ కూడా రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మలక్‌పేట, హైదరాబాద్